నిండు బండికి కొలతలు

ఆదివారం పొద్దున్నే మా ముందుగదిలోకి సీటు వచ్చింది. వ్యాను డ్రైవరు కూర్చునే సీటు. మా వదినా, ఆవిడ కొట్లో పనిచేసే మనిషీ చెరో వైపు పట్టుకుని మోసుకొచ్చారు. గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పారు, తలకిందులు చేశారు. చివరికి తలుపు రెక్క ఊడదీద్దామా అని నేను అంటుండగానే, భయపడ్డట్టు దానంతటదే లోపలికి జారింది.

"బండిలో బిగించే సీటు ఇంట్లోకెందుకే తల్లీ?" అన్నారు మా అత్తగారు.

"నువ్వు చూడొద్దూ? బండిలోకెక్కాక దాని మీద తమ్ముడుంటాడు. ఇంకేం కనపడుతుంది నీకు?" అంది వదిన రొప్పుతూ.

వదినంటే మా ఆయన అక్క. బండ్ల సీట్లకు తొడుగులు కుట్టే కొట్టు ఆవిడది. చిరిగిన సీటుకు కొత్త రెక్సిన్ వేయడమే ఇన్నాళ్లూ పని. అడుగు చట్రం నుంచి తల ఆనించుకునే దిండు దాకా మొత్తం సీటు సొంతంగా చేయడం ఇదే మొదలు. నడుము వంపు దగ్గర గట్టి ఫోమ్ పెట్టింది. తొడల కింద కాస్త మెత్తనిది. మలుపుల్లో మనిషి పక్కకు జారకుండా రెండంచులూ ఎత్తు చేసింది. ముందుకూ వెనక్కూ జరపడానికి కింద ఇనుప పట్టాలు. నేను వంగి కుట్లన్నీ చూశాను.

"దొరికిందా?" అంది వదిన.

"ఏంటి?"

"వంకర కుట్టు. దానికోసమే కదా వెతుకుతున్నావ్."

"లేదు వదినా."

"నీ నోటితో లేదనిపించుకున్నా. ఇంక లోకంలో ఎవరికి నచ్చకపోయినా ఫర్వాలేదు."

ఈలోగా మా అత్తగారు వెళ్లి అందులో కూర్చున్నారు. కూర్చుని కళ్లు మూసుకున్నారు. "దీన్నిక్కడే ఉంచేయండి. వాడు నా మంచం పట్టుకెళ్లి బండిలో వేసుకుంటాడు," అన్నారు. లేవమంటే ఒకపట్టాన లేవలేదు.

మా ఆయన మాత్రం గోడకానుకుని దూరంగానే నిలబడ్డాడు. ముందే సంబరపడితే ఎక్కడ చెడిపోతుందోనని ఆయన భయం. రంగుల గోడౌనుకు వ్యాను తోలతాడు. డబ్బాలు ఊరూరా కొట్లకు వేసి వస్తాడు. సాయంత్రం ఇంటి ముందు బండి ఆపి, తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టి కాసేపు అలాగే ఉండిపోతాడు. తరవాత మడత నిచ్చెన విప్పినట్టు ఒక్కో కీలూ విప్పుకుంటూ నిలబడతాడు. పాత సీటు మధ్యలో పెద్ద గుంట. ఆ గుంటలో ఒక దిండు, దిండు మీద గోనెసంచీ, సంచీ మీద మా దుప్పటి. ఎన్ని పరిచినా గుంట అన్నిటినీ మింగేసేది.

కిందటి నెల దూరపు ఊళ్ల లోడు తీసుకెళ్లి, సగం దారిలో నడుం నొప్పికి ఇక కూర్చోలేక రోడ్డు పక్కన బండి ఆపేశాడు. గోడౌను నుంచి ఇంకో డ్రైవరు వెళ్లి ఆ లోడు పూర్తి చేయాల్సి వచ్చింది. యజమాని కోపపడలేదు. మొన్న శనివారం పిలిచి, "ఈ గురువారం మళ్లీ ఆ లోడే ఉందయ్యా. నువ్వే తీసుకెళ్లు, నువ్వే తీసుకురా. కుదరలేదనుకో, ఆ మర్నాటి నుంచి కౌంటర్లో కూర్చో. జీతమేం మారదు. ఒళ్లు పాడుచేసుకోమని నేను చెప్పలేను కదా," అన్నాడట.

జీతం మారదన్న మాట ఆయనకు ఓదార్పు కాలేదు. మా ఆయన బజారుకు నడిచి వెళ్తున్నా మలుపు దగ్గర చెయ్యి చూపిస్తాడు. పక్కన నేను నడుస్తుంటే వెనక ఏం వస్తోందో చూసి మరీ రోడ్డు దాటిస్తాడు. అలాంటి మనిషిని బల్ల వెనక కూర్చోబెట్టి, వచ్చినవాళ్లకు రంగుల అట్టలు చూపించమంటే ఎలా?

సెలవు రోజు కనక బండి మా వీధిలోనే ఉంది. పాత సీటు పీకేసి కొత్తది పెట్టాం. ఎముకల డాక్టరు చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చు. నడుము వెనక్కి పూర్తిగా ఆనాలి. తుంటి మోకాళ్ల కన్నా ఒక్క పిసరు ఎత్తులో ఉండాలి. క్లచ్చు అడుగుదాకా తొక్కినా వీపు సీటును వదలకూడదు. నేను కుట్టుపని టేపు పట్టుకుని కొలుస్తూ ఉంటే, వదిన పానాతో బోల్టులు వదులు చేస్తూ, బిగిస్తూ ఉంది.

"ఒక పిసరు ముందుకు," అన్నాను.

"ఇందాక ఒక పిసరు వెనక్కన్నావ్!"

"అది ఇందాకటి పిసరు వదినా."

"ఒరేయ్ తమ్ముడూ, దీంతో ఇన్నేళ్లు ఎలా కాపురం చేశావురా?"

"అందుకే కదక్కా నడుం పోయింది," అన్నాడు మా ఆయన. పొద్దున్నుంచీ ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. నేను టేపు చుట్టేసుకుంటానని బెదిరించాక ఆపారు.

చివరగా ఆయన నిటారుగా కూర్చున్నప్పుడు పక్క అద్దాలు సరిచేశాం. "ఇంక అద్దాలు ముట్టుకోకు. వాటిలో రోడ్డు సరిగ్గా కనపడలేదంటే నువ్వు కిందికి జారావన్నమాట. అద్దాన్ని కాదు, నిన్ను నువ్వు సర్దుకోవాలి," అంది వదిన.

ఆయన వీధి చివరి దాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. ఈసారి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు మూలమలుపు నుంచే హారన్ మోగించుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఎక్కు!" అని అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. దిగి ఇంట్లోకి నడిచొచ్చినప్పుడు చెయ్యి నడుము మీద లేదు. నేనూ వదినా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సోమవారం లోడుతో వెళ్లాడు. సాయంత్రానికి ముగ్గురం గుమ్మంలో ఉన్నాం. వదినైతే కొట్టు తొందరగా మూసేసి వచ్చింది. బండి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఒక కాలు కిందికొచ్చింది. అంతే, రెండోది రాలేదు.

"ఎలా ఉందిరా?" అంది వదిన.

"సీటు బాగుందక్కా."

"సీటు సంగతి నాకు తెలుసు. నడుం సంగతి అడుగుతున్నా."

ఆయన స్టీరింగు పట్టుకుని మెల్లగా లేచాడు. "పాత సీట్లో కన్నా ముందే మొదలైంది. ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంది. దారంతా అద్దాల్లో రోడ్డు కనపడలేదు. సర్దుకుని కూర్చుంటా, కాసేపటికి మళ్లీ కనపడకుండా పోతుంది."

వదిన మొహం చిన్నబోయింది. "రేపొచ్చి పీకేస్తాలే."

"పీకేయ్. కౌంటర్లో కుర్చీకి తొడుగు నీ దగ్గరే కుట్టించుకుంటా," అన్నాడు ఆయన. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

నాకు మాత్రం మింగుడుపడలేదు. అదే మనిషి, అదే సీటు, అవే బోల్టులు. ఆదివారం ఊరంతా తిరిగినా రాని నొప్పి సోమవారం ఎందుకు వచ్చినట్టు? మంగళవారం ఆయనతో పాటు నేనూ గోడౌనుకు బయలుదేరాను. "నువ్వెందుకు?" అన్నాడు. "మీ పక్క సీటు ఖాళీయే కదా," అన్నాను.

గోడౌనులో లోడు వేయడం అయ్యాక ఆయన డ్రైవరు సీట్లో, నేను పక్కన కూర్చున్నాం. అక్కడి హమాలీ ఒకాయన గాజు గ్లాసులో టీ తెచ్చిచ్చాడు. కాలుతోంటే డాష్‌బోర్డు మీద పెట్టాను. టీ ఒక పక్కకు ఒరిగింది. ముందద్దం వైపు తక్కువగా, మా వైపు అంచుదాకా ఉంది. డాష్‌బోర్డే ఏటవాలేమోనని గ్లాసు తీసి కాళ్ల దగ్గర నేల మీద పెట్టాను. అక్కడా అంతే.

"ఏమండీ, బండి ఎత్తు మీద ఆపారా?"

"గోడౌను నేల గచ్చు. గోళీ వదిలినా కదలదు."

"మరి టీ మన వైపెందుకు వాలింది?"

"లోడుంది కదా. వెనక చక్రాల మీద బరువు పడి బండి వెనక భాగం కిందికి దిగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. లోడేస్తే హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్లోకి కొడతాయి. ఇదిగో ఈ మర తిప్పి కిందికి దించుకుంటాం. ఏ డ్రైవరైనా..." అంటూ ఆగిపోయాడు.

నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయన చెయ్యి ఇంకా ఆ మర మీదే ఉంది.

"లైట్లు దించుకున్నారు," అన్నాను. "సీటు?"

బండి ముక్కు లేచిందంటే సీటూ వెనక్కి వాలినట్టే. పిసరు పిసరుగా నేను కొలిచిందంతా ఖాళీ బండికి! ఆదివారం బండి ఖాళీగా దొరికింది కనక ఆదివారం కొలిచాం. ఖాళీ బండి తోలి నడుం పోగొట్టుకునేవాడు ఎవరుంటారు? లోడు పడగానే తుంటి మోకాళ్ల కన్నా కిందికి పోయింది, నడుము ముడుచుకుంది, మనిషి జారాడు. పాత సీట్లో దిండూ సంచీ వెనక పక్క ఎత్తుగా ఉండి కాస్తయినా ఆపేవి. మేం వాటిని కూడా తీసి పారేశాం.

ఆయన ఫోను తీసి అక్కకు కలిపాడు. "అక్కా, నీ సీటు పీకేయక్కర్లేదు! పానా పట్టుకుని గోడౌనుకు వచ్చేయ్. రావే బాబూ, వచ్చాక చెప్తా!" గోడౌనంతా వినపడేలా అరుస్తున్నాడు. హమాలీలు పని ఆపి మా వైపు చూశారు.

వదిన వచ్చీరాగానే సీటు కిందికి దూరింది. అక్కణ్నించే మాట్లాడింది. "వెనక కాళ్ల కింద చెక్క ముక్కలు పెడితే సరి!"

"లోడు దిగేకొద్దీ బండి మళ్లీ సమానమైపోతుంది వదినా. సగం కొట్లు అయ్యేసరికి ఆయన స్టీరింగు మీద బోర్లా పడతారు," అన్నాను.

"అయితే?"

"అయితే ఇదక్కా," అన్నాడు మా ఆయన, హెడ్‌లైట్ల మర తిప్పి చూపిస్తూ. "ఇలాంటిది. సీటుకి."

వదిన సీటు కింద నుంచి తల బయటపెట్టింది. జుట్టు నిండా దుమ్ము. ఒక్క క్షణం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ముందు వైపు తలుపుకున్నట్టు మడత బందులు. వెనక వైపు మర. ఇటు తిప్పితే వెనక భాగం లేవాలి, అటు తిప్పితే దిగాలి. ఒరేయ్, నాకెందుకు తట్టలేదురా ఇది!" అంటూ లేవబోయి తల డాష్‌బోర్డుకు కొట్టుకుంది. నొప్పి తెలిసినట్టు కూడా లేదు.

బుధవారం పొద్దుటంతా వదిన కొట్లో వెల్డింగు మెరుపులే. మధ్యాహ్నం గోడౌనులో మర్నాటి లోడు వేశాక, నిండు బండిలోనే సీటు బిగించి, మళ్లీ మొదట్నుంచీ కొలిచాం. ఈసారి నేను పిసరన్నా వదిన ఎదురు చెప్పలేదు. మర గట్టిగా నిలిచేలా పక్కన ఒక కొక్కెం పెట్టింది. బండి ఆపి తప్ప మర ముట్టుకోనని తమ్ముడి చేత ఒట్టు వేయించుకుంది.

గురువారం ముగ్గురం బయలుదేరాం. యజమాని అభ్యంతరం చెప్పలేదు. "ఇంటిల్లిపాదీ వెళ్తున్నారా? మీ అత్తగారేరి?" అన్నాడంతే.

"సీటు కావాలంటారని ఇంట్లో ఉంచాం," అంది వదిన.

మొదటి ఊళ్లో కొన్ని డబ్బాలు దిగాయి. ఆయన కొక్కెం తీసి మర కొద్దిగా తిప్పాడు. వదిన కిటికీలోంచి వంగి అద్దం చూసింది. "రోడ్డు కనపడుతోందా?" "కనపడుతోంది." తరవాతి కొట్టు దగ్గర మళ్లీ దించడం, మళ్లీ మర, మళ్లీ అదే ప్రశ్న. కాసేపటికి ఆవిడ అడక్కముందే ఆయన "కనపడుతోంది, కనపడుతోంది," అని పాటలా అనడం మొదలుపెట్టాడు. డాక్టరు చెప్పినట్టు ఆగినచోటల్లా కిందికి దింపి నాలుగడుగులు నడిపించాను. ఒక కొట్టాయన, "ఏంటి, ఇవాళ డ్రైవరుకి కాపలా పెట్టారా?" అన్నాడు. "కాదండీ, సీటుకి," అన్నాడు మా ఆయన.

కిందటిసారి ఆగిపోయిన చోటు ఎక్కడో నాకు తెలియదు. అడుగుదామనుకుని మానేశాను. అప్పుడు ఆయన, ముందున్న లారీ వాడు సిగ్నలివ్వకుండా పక్కకు తీశాడని తిడుతున్నాడు. ఎంత హుషారుగా తిడుతున్నాడంటే, వదిన నా చెయ్యి గట్టిగా నొక్కింది. నేనూ నొక్కాను.

చివరి కొట్టు దగ్గర బండి పూర్తిగా ఖాళీ అయింది. మర అడుగుదాకా దించి వెనక్కి బయలుదేరాం. ఇంకా ఎండ ఉండగానే గోడౌను గేటు కనపడింది. యజమాని బయటే నిలబడి ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు కూడా చేరారు. అందరి చూపూ డ్రైవరు తలుపు మీదే.

తలుపు తెరుచుకుంది. ఒక కాలు కిందికొచ్చింది. వెంటనే రెండోదీ వచ్చింది. ఆయన నిలబడి, తలుపు వేసి, తాళాలు యజమాని చేతికిచ్చాడు.

"నొప్పుందా?" అన్నాడు యజమాని.

"ఉందండి."

వదిన మళ్లీ నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్న ఎంతుందో అంతే ఉంది. ఒక్క పిసరు పెరగలేదు," అన్నాడు మా ఆయన.

యజమాని తాళాలను అరచేతిలో ఒకసారి ఆడించి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు. "వచ్చే గురువారం లోడు ఇంకాస్త దూరం ఉందయ్యా."

"ఎంత దూరం?" అన్నాడు ఆయన. కానీ జవాబు కోసం ఆగలేదు. అప్పటికే బండిలోకెక్కి, ఎక్కడ పెట్టి లోడు వేయాలో చూడటానికి రివర్సు గేరు వేస్తున్నాడు. వదినా నేనూ "గురువారానికి ఇంకా వారముంది, దిగండి, దిగరా!" అని అరుస్తూ బండి వెంట పరుగెత్తాం.