పిల్లల్లేని మిట్ట

"అన్నీ ముసలి చెట్లే. ఒక్క పిల్ల మొక్క లేదు. ఇది చచ్చిపోతున్న మిట్ట, కొట్టే కూపుకు రాసుకో" అన్నాడు రేంజరు. గార్డు మునిరత్నం సున్నం డబ్బా కింద పెట్టి పుస్తకం తీశాడు.

నేను పది గజాల దూరంలో చీపురుగడ్డి కోస్తున్నాను. కొడవలి అక్కడే పడేసి వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

కరకంబాడి దాటి కొండ ఎక్కితే వచ్చే ఆ మిట్టను మా పల్లెలో పేరీత మిట్ట అంటారు. పేరీత చూడడానికి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈత కాదు. నడుమెత్తు కూడా పెరగదు. నల్లటి మొద్దు, దాని నెత్తిన గొడుగులా ఆకులు. మట్టి లేని రాతిసందుల్లో బతుకుతుంది. ఎండాకాలం కార్చిచ్చు వస్తే ఆకులన్నీ కాలిపోయి మొద్దు మాత్రం బొగ్గులా మిగులుతుంది. ఇక అయిపోయిందనుకుంటాం. నెల తిరగకముందే నడినెత్తిన మెత్తటి పచ్చటి ఆకులు లేస్తాయి. మిట్ట మీద వీటికి నీడనిచ్చే పెద్ద మానులు తిరుమాను, జాలారి, చండ్ర. ఆ చెట్ల మధ్య పెరిగే గడ్డితో చీపుర్లు కట్టి తిరుపతిలో అమ్ముకుంటూ, నా మొగుడు పోయిన తరువాత పదహారేండ్లు బతికాను. మా పల్లెలో ఇంకా తొమ్మిదిమంది ఆడవాళ్ళు అట్లాగే బతుకుతున్నారు.

అది యుద్ధకాలం. పెట్రోలు లేక చిత్తూరు బస్సులు కూడా కట్టెబొగ్గుతో నడిచేవి. ఆ బొగ్గు కోసం కొండలన్నీ వరసగా కొట్టేస్తున్నారు.

"సామీ, దీన్ని కొట్టేస్తే మేము యాడ కోసుకోవాల గడ్డి?" అన్నాను.

రేంజరు చెడ్డవాడు కాదు. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "పిల్లలు పుట్టే అడవిని మేము ముట్టుకోమమ్మా. ఇక్కడ పుట్టడంలేదు. మేము కొట్టినా కొట్టకపోయినా ఇది పోయేదే. కావాలంటే వెతుకు. పేరే పేరీత మిట్ట కదా, ఈ మిట్ట మీద ఒక్క పేరీత పిల్లను చూపించు, పుస్తకంలో రాసింది తీసేస్తాను. మాఘమాసం దాకా కాంట్రాక్టరు రాడు."

ఒక్కటే కదా అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది.

ఐదు రోజులు వెతికాను. మిట్ట మీద నూటికి పైగా పేరీతలు ఉన్నాయి. ప్రతి దాని చుట్టూ గడ్డి తప్పించి, రాళ్ళు జరిపి చూశాను. కాయలు కాసే చెట్ల కింద గింజలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఈ ఏటివి, పోయిన ఏటివి, అంతకు ముందువి. ఎలుకలు కొరికినవి కొన్ని, పుచ్చినవి కొన్ని. మొలిచింది ఒక్కటీ లేదు. ఇన్నేండ్లుగా ఆ గింజల మీదే కాళ్ళు పెట్టి నడిచాను. పిల్లలేవి అని ఒక్కసారీ అనుకోలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

ఆరో రోజు గింజను రాతిమీద పెట్టి పగలగొట్టాను. లోపల తెల్లటి పప్పు నిండుగానే ఉంది. శనక్కాయ పప్పు విప్పితే కొసన ముక్కులాగా చిన్న మొలక ఉంటుంది చూడండి, అది మాత్రం లేదు. ఇంకొకటి కొట్టాను. లేదు. పొద్దు గుంకేదాకా కొట్టాను. బొటనవేలు నలిగి రక్తం వచ్చింది గానీ మొలక ఉన్న గింజ దొరకలేదు.

ఇంటికి వచ్చి మా మరిది పెంచలయ్యతో చెప్పాను. అతను మూలికలు ఏరేవాడు. పేరీతల్లో కొన్ని కాయవు. వాటి నడినెత్తిన మూరెడు పొడుగు కంకి ఒకటి లేస్తుంది. ఆ కంకిని తిరుపతిలో మూలికల అంగడివాళ్ళు కొని, బలం మందు అని యాత్రికులకు అమ్ముతారు. చైత్రం వస్తే పెంచలయ్య, అతని తోటివాళ్ళు మిట్ట మీద ఒక్క కంకి మిగలకుండా కోసేవాళ్ళు.

"చెట్లకేమన్నా చీడ పట్టిందేమో" అన్నాను.

"చీడ యాడిది వదినా! కాయ చెట్టును మేము గోటితో గూడా గిల్లం. నీకు తెలీదా?"

తెలుసు. కోతకు పోయేముందు కాయ చెట్టు ప్రతిదానికీ పసుపు రాసి దారం కడతారు. దారం కట్టినదాన్ని ఎవరూ ముట్టరు, ఆకు కూడా కోయరు. మా తాతల నాటి కట్టుబాటు. నా మొగుడు ఉన్నన్నాళ్ళు ఆ దారాలు నేనే కట్టాను. తరువాత నా తోడికోడలు నాగరత్నమ్మ కడుతోంది. కాయనివాటిని మాత్రం గొడ్డు చెట్లని ఇష్టమొచ్చినట్టు కోసేవాళ్ళు.

ఇంకా రెండు వారాలు తిరిగాను. మిట్టకు పడమటి కొసన ఒక వాగు ఉంది. వాగు అవతల నిలువు బండ. దాని మీదికి మనిషి ఎక్కలేడు. వాగులో నీళ్ళు తగ్గాక ఒకరోజు దిగి, బండ మొదట్లో కూర్చుని అన్నం మూట విప్పాను. కాలి దగ్గర ఏదో గుచ్చుకుంది. చూస్తే రెండే రెండు ఆకులున్న పేరీత! జానెడు కూడా లేదు. దాని పక్కన ఇంకొకటి. లెక్కపెడితే ఏడు.

అన్నం తినలేదు. చుట్టూ చూశాను. పిల్లల పక్కనే కాయ చెట్టు ఒకటి ఉంది, మామూలుదే. తల ఎత్తి చూశాను. బండ అంచున ఒక గొడ్డు చెట్టు. ఎవరికీ అందనిది. దాని నెత్తిన కంకి కోతపడకుండా, ఎండిపోయి, పొలుసులు విచ్చుకుని అట్లాగే నిలబడి ఉంది. కాయ చెట్టు కింది గింజను కొట్టాను. పప్పు కొసన ముక్కు ఉంది.

అప్పటిదాకా మేము దారం కట్టి కాపాడినవి ఏవి, కోసినవి ఏవి అని ఆలోచించాను.

మరునాడే మునిరత్నాన్ని వెంటబెట్టుకుని రేంజరును తీసుకువచ్చాను. ఆయన వాగులోకి జారుతూ దిగి, ఏడు మొక్కలనూ వంగి వంగి చూశాడు. "భలే!" అన్నాడు. నా గుండె తేలికపడింది. తరువాత ఆయన మడిచిన పటం తీసి బండమీద పరిచాడు. వేలితో గీత వెంట జరిపాడు.

"ఏమమ్మా, ఇది వాగుకు అవతలి పక్క కదా."

"అవును సామీ."

"మన కూపు వాగుతో సరి. ఇవతల ఉన్నదే ఆ మిట్ట. ఇది వేరే బ్లాకు. ఈ పిల్లలు ఆ బ్లాకు లెక్కలోకి వస్తాయి."

"సామీ, ఎగిరి దూకితే వాగు దాటొచ్చు!"

"నువ్వు దూకొచ్చు. పటం దూకదు కదా" అన్నాడు, పటం మడుస్తూ.

"ఆ కంకులు కోస్తే గింజలు మొలవవు సామీ. అదే జబ్బు. కోత ఆపితే రెండేండ్లలో ఈ మిట్ట నిండా పిల్లలే."

"రెండేండ్లు ఎవరిస్తారమ్మా? నాకే ఇవ్వరు."

ఆయన ముందు నడిచాక మునిరత్నం నా దగ్గరగా వచ్చాడు. "అక్కా, ఒగదాన్ని పెరికి ఈ గట్టున నాటుకో. నేను సూడలేదు, నువ్వు సెప్పలేదు" అన్నాడు.

అది తప్పో ఒప్పో ఆలోచించలేదు. మరునాడు పొద్దున్నే గునపంతో వెళ్ళాను. జానెడు మొక్కకు రెండు మూరల వేరు ఉంది. రాతిసందులో ఏ నీటి కోసమో లోపలికి, ఇంకా లోపలికి పోయింది. మధ్యాహ్నానికి మూరెడు తవ్వాను. ఇంక కాస్తే అనుకుని లాగాను. పుటుక్కుమంది. తెగిన మొక్కను ఇవతలి గట్టున నాటి రోజూ కుండతో నీళ్ళు మోశాను. పన్నెండు రోజులకు ఎండిపోయింది. ఏడున్నవి ఆరయ్యాయి. ఇంకొకదాన్ని ముట్టడానికి చెయ్యి రాలేదు.

మాఘంలో గొడ్డళ్ళు వచ్చాయి. తిరుమాను, జాలారి, చండ్ర, అన్నీ పడ్డాయి. బొగ్గు బట్టీలు పెట్టారు. పేరీత మొద్దులో బొగ్గు కావడానికి ఏమీ లేదు కాబట్టి దాన్ని వదిలేశారు. కానీ ఒక బట్టీ నుంచి నిప్పు గడ్డిలోకి పాకి మిట్టంతా కాలింది. నేనూ, మిగతా ఆడవాళ్ళూ గడ్డి కోసం మూడు కోసుల దూరం నడవడం మొదలుపెట్టాం.

చైత్రంలో రేంజరు బట్టీలు చూడడానికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నల్లటి నేల మీద పేరీతలన్నీ ఒక్కసారిగా చిగుర్చాయి. నిప్పు తగిలిన ఏట కంకులు కూడా ఎక్కువగా వస్తాయి. నీడనిచ్చే చెట్లు లేకపోవడంతో ఎక్కడ చూసినా అవే కనిపిస్తున్నాయి.

"చూశావా?" అన్నాడాయన సంతోషంగా. "ఊరికే భయపడ్డావు. ముందుకంటే పచ్చగా ఉంది."

"ఇవి ఆ ముసలివే సామీ! అవే నూరు. కొత్తది ఒక్కటి లేదు."

"పచ్చగానే ఉన్నాయి కదమ్మా."

నిజమే, పచ్చగానే ఉన్నాయి. ఆయన పుస్తకంలో అదే రాసుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులకు పెంచలయ్య కత్తి, గోతం తీసుకుని వచ్చాడు. వెనకే నాగరత్నమ్మ పసుపు గిన్నెతో. ఈసారి కంకులు వెతకవలసిన పని కూడా లేదు.

"ఈ ఒక్క ఏడు కోయొద్దు పెంచలయ్యా" అన్నాను.

"మళ్ళా మొదులుపెట్టినావా వదినా?"

"దున్నపోతు లేని మందలో దూడలు యాడ్నుంచి వస్తాయిరా?"

"సెట్లకు దున్నపోతులేంది! నవ్వుతారు ఎవురన్నా వింటే."

"పోతుతాడు అంటావే మరి, కాయని తాటిచెట్టును?"

"కాయదు గాబట్టి అంటాము. పోతుతాడును కొట్టి దూలాలు సేసుకోవడంలా? తాటికాయలు ఆగిపోయినాయా?"

"ఊర్లో పోతుతాళ్ళన్నీ ఒగే రోజు కొట్టి సూడు, తెలుస్తాది."

నాగరత్నమ్మ దారం కట్టడం ఆపి మా ఇద్దరి వంక చూసింది. "అక్క సెప్పేది ఒగసారి ఇనరాదా" అంది మెల్లగా.

పెంచలయ్యకు కోపం వచ్చింది. "ఇనేదానికేముండాది? అడివి కొట్టేసినారు. తేనె లేదు, చింతపండు లేదు. ఉండేది ఈ కంకులే. ఇవి గూడా వొద్దంటే నా పిల్లోళ్ళకు నువ్వు పెడతావా కూడు?"

నేను పెట్టలేను. నా కూడే నాకు లేదు.

అతను కోయడం మొదలుపెట్టాడు. ఒక్కో వేటుకు పసుపుపచ్చటి దుమ్ము లేచి గాలిలో కలిసిపోతోంది. మిట్ట నడుమ ఐదు కంకి చెట్లు ఒకే గుంపుగా ఉన్నాయి. అతను అక్కడికి రాకముందే నేను వాటి మధ్యకు పోయి కూర్చున్నాను. ముళ్ళ ఆకులు వీపంతా గీరాయి.

"లెయ్ వదినా."

లేవలేదు.

"లెయ్యమంటే! కత్తి తగులుతాది."

"తగలనీ."

అతను కత్తి దించాడు. తరువాత గోతం భుజాన వేసుకున్నాడు. "ఐదే కదా, పో" అన్నాడు. "రేపు పొద్దన్నే వస్తా. రేపు గూడా ఈడే కూచుంటావా? ఎల్లుండి? ఎన్నాళ్ళు కూచుంటావో నేనూ సూస్తా." నాగరత్నమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ అతని వెంట దిగిపోయింది.

వాళ్ళ మాటలు వినపడనంత దూరం పోయాక లేచాను. ఐదు కంకులనూ అరచేత్తో తట్టాను. చేతులు, కొంగు ఆ పసుపుపచ్చటి పొడితో నిండిపోయాయి. దారం కట్టిన చెట్లలో దగ్గరగా ఉన్నదాని దగ్గరికి వెళ్ళి, దాని నెత్తిన కాయలు పుట్టే బొచ్చు ఆకుల మీద కొంగు దులిపాను. అట్లా చేస్తే పని అవుతుందో లేదో నాకు తెలియదు. బండమీది చెట్టు పొడిని గాలి మోసిందో, పురుగు మోసిందో చూసినవాళ్ళు లేరు. రెండోదాని దగ్గరికి వెళ్ళాను. మూడోదాని దగ్గర కొంగులో పొడి అయిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చి కంకులను తట్టాను. దారం కట్టినవి ఇంకా యాభైకి పైగా ఉన్నాయి, పొద్దు వాలుతోంది.