ఇంట్లో తీసిన ప్రింటు

చక్రధర్ ఇంట్లో ప్రింటరు ఉందని తిరుచానూరులో వాళ్ల వీధికంతా తెలుసు. అది పనిచేయదని మాత్రం చక్రధర్ ఒక్కడికే తెలుసు.

అతను ఇన్సూరెన్సు ఏజెంటు. కాగితాలు ఇంట్లోనే తీసుకోవచ్చు, జిరాక్సు షాపు ముందు నిలబడే బాధ తప్పుతుందని ఆ మధ్య ఆఫర్‌లో ప్రింటరు కొన్నాడు. వద్దని భార్య నందిని మొత్తుకుంది. "గ్రైండరు రాయి అరిగిపోయి పిండి బరగ్గా వస్తా ఉండాది, ముందు దాని సంగతి చూడండి" అంది. ఒకసారి కొంటే జన్మంతా ఉండేదని ఈయనగారు ఉపన్యాసం దంచాడు. మొదట్లో ఇల్లంతా సందడే. పిల్లల ప్రాజెక్టు బొమ్మలని ఒకరు, ఆధార్ కార్డని ఇంకొకరు వచ్చేవాళ్లు. ఎవరైనా డబ్బులు ఇవ్వబోతే, "ఛ, ఇంట్లో మిషన్ పెట్టుకోని మీ కాడ దుడ్లు తీసుకునేదా!" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా అతనికి కడుపు నిండిపోయేది.

మిషన్‌తో వచ్చిన ఇంకు డబ్బాలు సగమే నింపి ఉంటాయని అతనికెవరూ చెప్పలేదు. అవి అయిపోయి కొత్తవి కొనబోతే, ఆ ధరకు ఇంకాస్త కలిపితే ఇంకో ప్రింటరే వచ్చేటట్టుంది. అయినా పళ్లు కొరుక్కుంటూ ఒకసారి కొన్నాడు. కొన్నాళ్లు వాడకుండా ఉంచేసరికి లోపల ఇంకు ఎండి దారి మూసుకుపోయింది. శుభ్రం చేసుకోమని బటన్ నొక్కితే, కడుక్కోవడానికే సగం ఇంకు తాగేసింది. ఆఖరికి పసుపు రంగు అయిపోయింది. చక్రధర్‌కు కావలసింది నల్లటి అక్షరాలు, నల్ల ఇంకు నిండుగా ఉంది. అయినా పసుపు లేనిదే నలుపు కూడా వేయనని అది మొండికేసింది. పేరంటాల్లో కూడా పసుపుకు ఇంత పట్టింపు ఉండదు.

ఆ మాట నందినితో చెప్పేస్తే ఒక పూట దెప్పిపొడిచి ఊరుకునేది. ఆ ఒక్క పూట మాట పడలేకపోయాడు మహానుభావుడు. ఏదైనా ప్రింటు కావలసి వస్తే, కస్టమరును చూసొస్తానని బండి మీద రేణిగుంట పోయేవాడు. తిరుచానూరులో, తిరుపతిలో అందరూ తెలిసినవాళ్లే. రేణిగుంటలో గోడౌన్ల దగ్గరున్న జిరాక్సు షాపులో అతని మొహం ఎవరికీ తెలియదు. తీసుకున్న కాగితాలు బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చి, గది తలుపేసుకుని, కాసేపాగి బయటికి వచ్చేవాడు. "తడి ఆరనీ" అని కాగితం మీద ఊదేవాడు కూడా.

అలా ఉండగా ఒక శుక్రవారం సాయంత్రం పక్క వీధి రూతు వచ్చింది. ఆమె రేణిగుంటలో ఒక గోడౌన్లో ప్యాకింగు పని చేస్తుంది. అక్కడి సూపర్‌వైజరు, డ్యూటీ దిగేటప్పుడు తనిఖీ పేరుతో ఆడవాళ్ల ఒంటి మీద చేతులు వేస్తున్నాడట. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వాలని ఆడవాళ్లంతా అనుకున్నారు.

"బయట షాపుల్లో తీస్తే యాడ వాని చెవిన పడతాదో అని బయం సార్. మీ ఇంట్లోనే మిషన్ ఉండాది గదా, అందుకని మీ కాడికి వచ్చినాను" అంది.

ఆమె చెబుతుంటే చక్రధర్ టైపు చేశాడు. కింద ఆడవాళ్ల పేర్లు వరసగా కొట్టాడు. మిషన్ పనిచేయదని అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "రేపు సాయంత్రం ఇస్తాలే రూతమ్మా" అన్నాడు.

శనివారం మామూలుగానే రేణిగుంట పోయాడు. షాపులో మొదటి కాగితం వంకరగా అచ్చుపడింది. షాపాయన దాన్ని తీసి, వెనకవైపు బిల్లులు రాసుకోవడానికి దాచుకునే కట్ట మీద పడేశాడు. చక్రధర్ చూశాడు. ఇటివ్వమని అడిగితే అందులో ఏముందోనని వాళ్లు చదువుతారేమో అనిపించింది. నిజానికి మొహమాటపడ్డాడు, అంతే. బాగా వచ్చిన రెండు కాపీలు తెచ్చి రూతు చేతికిచ్చాడు. ఆమె రెండు చేతులూ జోడించింది.

ఆదివారం సాయంత్రం రూతు మళ్లీ వచ్చింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పొద్దున డ్యూటీకి పోతే గేటు దగ్గరే సూపర్‌వైజరు అందరి పేర్లూ చదివి, ఇక పనికి రావద్దన్నాడట.

"వాని చేతిలో మన కాగితమే ఉండాది సార్. వంకరగా అచ్చుపడి, వెనకపక్క ఏందో బిల్లు రాసుండాది. మీరిచ్చిన రెండూ నా పెట్టెలోనే ఉండాయి. ఇదంతా మాతో పనిచేసే ఆ పోలేరమ్మ పనే. బయమని పేరు రాయించుకోలా ఆమె. మా ఇంట్లో కాగితం చూసిపోయింది, సెల్లులో ఫోటో తీసి ఇచ్చుంటాది. నిన్నటిదాకా ఒక గిన్నెలో తిన్నాము సార్. ఈ పొద్దు వాళ్లింటి ముందర నిలబడి, వీధంతా వినేటట్టు తిట్టినాను. బిడ్డ మీద ఒట్టేసింది. నేను నమ్మలా."

ఆ బిల్లు ఎక్కడిదో చక్రధర్‌కు తెలుసు. గోడౌను కాగితాలు కూడా ఆ షాపులోనే తీస్తారు, వాళ్ల బిల్లు ఆ వంకర కాగితం వెనకే రాసిచ్చి ఉంటారు. గొంతు దాకా వచ్చిన మాటను నందిని ఎదురుగా ఉందని మింగేశాడు.

"మమ్మల్ని తీసేసిన సంగతి కూడా కలిపి ఇంకోటి తీసీండి సార్, రేపే గదా సోమవారం" అంది రూతు. "ఈసారి ఈడనే కూచుంటాను. తడి ఆరేదాకా ఉండి తీసుకోని పోతాను."

"లోపలికి రా రూతమ్మా, ఆడ కుర్చీ ఉండాది" అని నందిని గది తలుపు తీసింది.

అతను టైపు చేస్తున్నంతసేపూ ఆడవాళ్లిద్దరూ పక్కనే ఉన్నారు. ఇక చేసేదేమీ లేక బటన్ నొక్కాడు. ప్రింటరు లోపల ఏదో గరగరమంది, ఎర్ర లైటు వెలిగింది, కాగితం కదల్లేదు. పసుపు అయిపోయిందని కంప్యూటరులో బొమ్మతో సహా వచ్చింది.

"నిన్న బాగుండె గదా?" అంది నందిని.

"నిన్న కూడా లేదు" అన్నాడు చక్రధర్. ఆ తర్వాత రేణిగుంట షాపు, వంకర కాగితం, బిల్లుల కట్ట, అన్నీ బయటికొచ్చాయి. నందిని దెప్పుతుందని ఇన్నాళ్లూ భయపడ్డాడా, ఆమె అతని వంక చూడకుండా పోయి రూతు పక్కన నిలబడింది. దెప్పి ఉంటేనే నయమనిపించింది. రూతు కుర్చీలోంచి లేచింది.

"అయితే పోలేరమ్మ?" అంది.

చక్రధర్ బండి తాళాలు తీసుకున్నాడు. "ఇప్పుడే తిరుపతి పోయి ఇంకు కొనుక్కోని వస్తాను. ఎంతయినా సరే. రేపు పొద్దునకల్లా..."

"కాగితం నేను చేత్తో రాసుకుంటాను సార్. మీరు చెప్పులేసుకోని నాతో రాండి. నేను ఎంత గట్టిగా తిట్టినానో, అంత గట్టిగా మీరు ఆమె ఇంటి ముందర చెప్పాల."

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. ఇంతమంది కూలి పోగొట్టిన మనిషికి అప్పుడు ముందుగా తోచింది ఏమిటంటే, ప్రింటరు సంగతి ఇక వీధంతా తెలిసిపోతుందని. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎదురింటి భానుశ్రీ గేటు దగ్గర నిలబడి ఉంది. "అన్నా, రేపు మా పిల్లకు ప్రాజెక్టు ఉండాది. రెండు బొమ్మలు తీసిస్తావా?" అని అడిగింది.

"దానికేముండాది, పొద్దున రా" అనేశాడు చక్రధర్. అలవాటైన నోరు.

రూతు నడక ఆపి అతని మొహంలోకి చూసింది. అతను వెనక్కి తిరిగి, "లేదు భానూ, రావద్దు. మా మిషన్ చెడిపోయి చానా నాళ్లయింది" అన్నాడు. ఆ మాట అతనికే సరిగా వినపడలేదు.

"ఏందన్నా?" అంది భానుశ్రీ.

"ఇంత మెల్లగా చెప్తే పోలేరమ్మకు వినపడదు సార్" అంది రూతు.