పదకొండు తెలుపులు

మా అత్తయ్యకు పదకొండు తెలుపులు తెలుసు. నాకు ఒక్కటే తెలుసు. లైట్ల మీద డాక్టరేటు చేసినదాన్ని నేను, ఏడో తరగతితో చదువాపేసింది ఆవిడ.

అత్తయ్యది చిరుగుల కొట్టు. బోర్డు మీద వేరే పేరేదో ఉంది కానీ వీధి వీధంతా అలాగే అంటారు. చొక్కా చిరిగినా, నిప్పురవ్వ పడి కోటుకు చిల్లి పడినా, దారం పక్కన దారం అల్లి, అసలేమీ జరగనట్టు చేసి ఇస్తుంది. నలభై ఏళ్ళలో ఆవిడ వేసిన అతుకును పట్టుకున్నవాడు లేడు. మేడ మీద ఒకే గది, దానికో పెద్ద కిటికీ, కిటికీని ఆనుకుని ఆవిడ బల్ల. దీపం వెలుతురులో రంగు పోల్చడమంటే ఆవిడకు ఒళ్ళుమంట. "దీపం మొహమాటపు మనిషమ్మా, అందరినీ బాగున్నావనే అంటుంది. నిజం చెప్పేది ఎండే" అనేది. లైట్లు తయారుచేసే కోడలి మొహం మీదే అనేది.

ఆ ఏడాది కిటికీకి ఎదురుగా ఏడంతస్తుల భవనం లేవడం మొదలైంది. మూడో అంతస్తు వచ్చేసరికి గదిలోకి ఆకాశం రావడం మానేసింది. వచ్చే కాస్త వెలుతురూ కొత్త ఇటుక గోడ మీద పడి ఎర్రబడి వస్తుంటే, తెల్లచొక్కాలన్నీ సిగ్గుపడుతున్నట్టు కనిపించేవి. రంగు సరిచూసుకోవడానికి అత్తయ్య ప్రతి దారమూ పట్టుకుని ఇరవైరెండు మెట్లు దిగి వీధిలోకి వెళ్ళేది. ఆవిడ మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి చాలా కాలమైంది. "ఇక కొట్టు మూసెయ్యమ్మా" అన్నాడు మా ఆయన. దానికి జవాబుగా ఆవిడ ఇంకో దారం పట్టుకుని మెట్లు దిగింది.

నేను ఊరుకుంటానా? మా పరిశోధనశాలలో అప్పుడే తయారైన దీపం తెచ్చి బల్ల మీద బిగించాను. రంగులను ఎండలో ఉన్నట్టే చూపిస్తోందా లేదా అని కొలిచి దీపాలకు మార్కులు వేస్తారు. మాదానికి వందకు తొంభైఎనిమిది. ఆ మార్కు వచ్చిన రోజు మా డైరెక్టరు అందరికీ కేకు తినిపించాడు. ఆయనకు మార్కుల పిచ్చి ఎంతంటే, వెనకాల మేమంతా మార్కుల మాస్టారనే అంటాం.

"అయితే ఇది ఎండకు చెల్లెలన్నమాట" అంది అత్తయ్య. పైకి చెప్పలేదు గానీ సంతోషపడింది. పరీక్ష కోసం నా తెల్లకోటు కాలరు చిరుగును ఆ దీపం దగ్గరే కూర్చుని అల్లింది. ఇద్దరం చూశాం. అతుకు కనపడితే ఒట్టు.

మర్నాడు పొద్దున ఆఫీసు గేటు దాటుతుంటే వాచ్‌మన్ ఆపాడు. "మేడమ్, మెడ దగ్గర టీ ఒలికినట్టుంది."

టీ కాదు. ఎండలో కోటు తెల్లగా మెరిసిపోతోంది, అతుకు మాత్రం గార పట్టిన పన్నులా పచ్చగా ఉంది.

దాచేద్దామనే అనుకున్నాను. కానీ సాయంత్రం వీధి మలుపులోనే అత్తయ్య ఎదురైంది. ఎండ ఇంకా ఉంది. కాలరు పట్టుకుని ఒక్క చూపు చూసింది. నలభై ఏళ్ళలో అదే ఆవిడ మొదటి తప్పు. కొట్టు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"నా కళ్ళు అయిపోయాయమ్మా. వాడు చెప్పినట్టే మూసేద్దాం."

నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. వీధి అని కూడా చూడకుండా అక్కడే ఏడ్చేశాను.

కళ్ళ డాక్టరు అరగంట పరీక్షించి, "ఈ కళ్ళు నాకిస్తే నా అద్దాలు పారేస్తాను" అన్నాడు. మరి తప్పు ఎవరిది? మార్కుల మాస్టారిని అడిగితే, "తొంభైఎనిమిది వచ్చిన దీపానిది తప్పెలా అవుతుందమ్మా? పెద్దావిడ పొరపడి ఉంటారు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా వెళ్ళి, మార్కులు వేయడానికి మేము వాడే రంగుల పటం తీసి బల్ల మీద పరిచాను. ఒక్కో గడి మీదా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. లేత గులాబి, ఆవ రంగు, ఆకుపచ్చ, ఆకాశనీలం... చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చాను. తెలుపు లేదు. తొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్న పటం. అన్ని రంగుల్లోనూ పరీక్ష పెట్టి, తెల్లదీపానికి తెలుపులో పరీక్ష పెట్టడం మరిచిపోయిన మేధావులం మేము!

ఆ తర్వాత చిక్కు విడిపోవడానికి వారం పట్టింది. కొత్త తెల్లబట్టకు మిల్లులోనే ఒక మందు పట్టిస్తారు. సబ్బుపొడుల్లోనూ అదే కలుపుతారు. ఎండలో కంటికి ఆనీ ఆనని ఊదా వెలుగు ఉంటుంది, అది తగిలితే ఆ మందు మెరుస్తుంది, బట్ట ఇంకాస్త తెల్లబడుతుంది. మా దీపం నీలంతో మొదలుపెట్టి మిగతా రంగులన్నీ చేసుకుంటుంది. నీలానికి అవతల ఉండే ఊదా దాని దగ్గర బొత్తిగా లేదు. మందున్న నా కోటూ, మందు లేని అతుకు దారమూ దానికి ఒకటే. అత్తయ్య కళ్ళకేం కాలేదు, గుడ్డిది నా దీపం.

ఊదాతో మొదలయ్యే దీపం చెయ్యడం మాటలు కాదు. దీపంలో వెలుగు పుట్టే చిప్పు మీద పోసే జిగురు ఆ వెలుగుకు వారం తిరక్కుండా గోధుమరంగుకు మాడిపోయేది. పదమూడు రకాల జిగురు మాడ్చాను. పద్నాలుగోది నిలబడింది. ఈలోగా ఎదురు భవనం ఐదో అంతస్తుకు వచ్చింది, తాళంచెవి నా బ్యాగులోనే ఉండిపోయింది. తీరా కొలిస్తే కొత్త దీపానికి తొంభైఐదు.

"మూడు మార్కులు పోగొట్టడానికి నాలుగు నెలలా?" అన్నాడు మాస్టారు. "దీన్ని పైవాళ్ళకు పంపితే నవ్విపోతారు. ఆపేయండి."

"ఒక్క గంట మా అత్తయ్య కొట్టుకి రండి సార్. అక్కడ ఓడిపోతే నేనే ఆపేస్తాను."

అత్తయ్య రానంటే రానంది. "ఓడిపోయిన కళ్ళతో పందేలెందుకు?"

"పరీక్ష మీకు కాదత్తయ్యా, దీపానికి. పరీక్ష పెట్టేవారు మీరు."

ఆ మాటతో లేచింది.

ముందు వీధి ఎండలో పదకొండు తెల్లదారం రీళ్ళను తెలుపు తగ్గే వరసలో పేర్చింది. మాస్టారు వాటి అడుగున తన చేత్తో అంకెలు వేసి, పైకి తెచ్చి కలిపేశాడు. నేను కిటికీ మూశాను. ఉక్కకు తట్టుకోలేక ఆయన కోటు విప్పేశాడు.

ముందు పాత దీపం వేశాను. అత్తయ్య రీళ్ళను ఎత్తింది, దించింది, చివరికి మూడు కుప్పలు పోసి చేతులెత్తేసింది. "ఇంతకు మించి తేడా తెలియడం లేదు బాబూ." మాస్టారు నా వంక జాలిగా చూశాడు.

కొత్తది వేశాను.

అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఒక రీలు చేతిలోకి తీసుకుని, "ఓసి దొంగా, ఇందాక ఎక్కడ దాక్కున్నావే?" అంది. ఆ తర్వాత వేళ్ళు ఆగలేదు. నిమిషం తిరిగేసరికి పదకొండూ బారుగా నిలబడ్డాయి. మాస్టారు ఒక్కోటీ తిప్పి చూశాడు. ఒకటి, రెండు, మూడు. పదకొండు దాకా ఒక్కటీ తప్పలేదు.

"కాకతాళీయం కావచ్చు" అన్నాడాయన, పెద్దగా నమ్మకం లేకుండానే.

"కావచ్చు బాబూ" అంది అత్తయ్య. "మీ చొక్కా జేబు మాత్రం వేరే తానులోది. కుట్టు బాగుంది, గుడ్డే కలవలేదు."

మాస్టారు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. పెన్ను కారి పాడైతే, వాళ్ళావిడ పాత చొక్కా ముక్కతో వేసిన జేబట అది. నెలల తరబడి ఆ చొక్కాతోనే మా తొంభైఎనిమిది వెలుగులో కూర్చుంటున్నాడు, ఒక్కరికీ తెలియలేదు. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆయనకు నవ్వొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"ఈ దీపం పంపుదాం. నవ్వేవాళ్ళను ఇక్కడికి పట్టుకొద్దాం" అన్నాడు. "ఇక మీదట పటంలో తెల్లగుడ్డ ముక్కలుండాలి. పదకొండూ ఉండాలి. అవి మీరే ఏరి ఇవ్వాలమ్మా."

ఆయన వెళ్ళాక నేను తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను. అత్తయ్య దానివైపు చూడనైనా లేదు.

"ముందు ఆ కోటు ఇలా ఇయ్యి."

నాలుగు నెలలుగా ఆ పచ్చ అతుకుతోనే పంతం పట్టి తిరుగుతున్నాను. ఆవిడ దాన్ని దారం దారం విప్పి, కొత్త దీపం దగ్గర మళ్ళీ అల్లింది. "పో, ఎండలో చూసుకో" అంది.

వీధిలోకి పరుగెత్తి, ఎండకు ఎదురుగా నిలబడి కాలరు తిప్పి తిప్పి చూశాను. వేలితో తడిమాను. ఎదురు భవనం పరంజా మీద తాపీమేస్త్రీ పని ఆపి మరీ నన్ను చూస్తున్నాడు. పైన కిటికీ తెరుచుకుంది.

"దొరికిందా?"

"లేదత్తయ్యా!" అని అరిచాను. అంత సంతోషం నాకు డాక్టరేటు వచ్చిన రోజున కూడా కలగలేదు.

"దొరకదులే. పైకి రా. కొట్టు తీశామని అందరికీ కబురు పెట్టాలి" అని కిటికీ మూసేసింది. నలభై ఏళ్ళలో పట్టపగలు ఆ కిటికీని ఆవిడ తన చేత్తో మూయడం అదే మొదలు.