రామ్మోహన్ గారి చిప్పుల షేరు

బర్మాలో సైన్యం అధికారంలోకొచ్చి రెండు నెలలు దాటింది. సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. బేంకులు తలుపులు వేసుకున్నాయి. లమ్మడా పేటలో టోకున ఎలక్ట్రికల్ సామాను అమ్మే రామ్మోహన్ గారికి ఇవి చాలవన్నట్టు ఇంకో దిగులుండేది. సింగపూరులో ఉన్న చెల్లెలు శ్యామలాదేవి ఆయన కోసం కొని పెట్టిన తైవాన్ చిప్పుల కంపెనీ షేరు రెండు వారాల్లో మూడో వంతు పడిపోయింది.

ఆవిడ రోజూ పొద్దున ల్యాండ్‌లైనుకు ఫోన్ చేసి ధర చెప్పేది. ఎందుకు పడిందో ఆయన అడిగేవారు కాదు. అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని తనే చెప్పేవారు.

"జనం బెదిరిపోయి అమ్మీస్తన్నారమ్మా. కంపెనీకేటీ కాలేదు. చవగ్గా దొరుకుతోంది, అంతే."

"అది కాదన్నయ్యా..." అని ఆవిడ మొదలుపెట్టేలోపు ఫోన్ పెట్టేసేవారు.

ఆ గురువారం ఆయన ఏటీఎం దగ్గర వరసలో నిలబడితే, వెనక తాయారమ్మ వచ్చి చేరింది. బోటాటౌంగ్ రేవులో మేస్త్రీగా చేసి పోయిన పోలయ్య భార్య. బస్సుల్లేక నడిచే వచ్చింది.

"ఏటి రామ్మోహనా, మొకం అలాగుంది?"

"చిప్పుల షేరు పడిపోనాదత్తా."

"చిప్పలా?"

చుట్టుపక్కల తెలుగు తెలిసినవాళ్లు నవ్వారు. రామ్మోహన్ గారు ఓపిగ్గా వివరించారు. సెల్‌ఫోనులో, కారులో గోరంత ముక్క ఒకటుంటుందని, అది లేనిదే ఏదీ పనిచేయదని, దానికోసం లోకమంతా ఎదురుచూస్తోందని.

"అంత గిరాకీ ఉంటే ఎందుకు పడింది?"

"బయం. ఒకడు అమ్మితే పక్కోడూ అమ్మీడం. ఇలాంటప్పుడు తెలివైనోడు కదలడత్తా. అసలు విలువ కన్నా తక్కువకొచ్చిందని తెలుసుకుని కూచుంటాడు."

తాయారమ్మ ముందుకీ వెనక్కీ చూసింది. వరస సందు మలుపు తిరిగి ఇంకా సాగుతోంది.

"మరి ఈళ్లందరూ ఇక్కడేటి సేస్తన్నారు?"

"బేంకు మునిగిపోద్దని బయపడి డబ్బు తీసుకోడానికొచ్చారు."

"మునిగిపోద్దా?"

"మునగదు. అందరూ ఒక్కసారే వచ్చీబట్టి..." ఆయన ఆగారు.

"నువ్వెన్నింటికొచ్చావు?"

"అయిదింటికి," అన్నారు ఆయన, నేల చూస్తూ.

తెలుగు రానివాళ్లకు ఎవరో ఆ సంభాషణ బర్మీస్‌లో చెప్పారు. నవ్వు మలుపు దాకా పాకింది. అంతలో సైనికుల ట్రక్కు ఒకటి వీధిలోకొచ్చింది. అందరూ తలలు దించుకున్నారు. అది మలుపు తిరిగాక గానీ ఎత్తలేదు.

తాయారమ్మ గొంతు తగ్గించి అడిగింది. "నీ కొట్లో బల్బులెవరు కొంటారు?"

"లైంగ్‌థార్యార్ పేటలో బట్టల ఫేక్టరీలోళ్లు."

"ఇప్పుడూ కొంటన్నారా?"

"ఎక్కడ, మూసీసేరు కదా."

"మరి నీ కొట్టు ఇప్పుడు అమ్మితే పాత ధరొస్తాదా? ఆ కంపెనీకి అలాంటిదేటైనా అయిందేమో అడిగేవా?"

ఆయన అడగలేదు. ముందింకా నలుగురుండగానే మిషన్లో డబ్బు అయిపోయింది. ఆయన ఉత్త చేతులతో ఇంటికి వెళ్లారు.

మర్నాడు శ్యామలాదేవి ధర చెప్పగానే ఆయన, "అమ్మా, ఆ కంపెనీ సరుకు ఎవరు కొంటారు?" అన్నారు.

ఆవిడ ఆ మాట ఇంకోసారి చెప్పమంది. ఆయన చెప్పారు.

"రెండు వారాలుగా అదే చెబుదామని చూస్తన్నాను, నువ్వు చెప్పనిస్తేనా?" అంది ఆవిడ. సరుకులో సగం కొనే ఫోన్ల కంపెనీ, వచ్చే ఏడాది నుంచి తన చిప్పులు తనే చేసుకుంటుందట. కార్లవాళ్లు కొంటామని వస్తున్నారు గానీ, వాళ్లకు కావలసినవి చేసే ఫేక్టరీ లేవడానికి రెండేళ్లు పడుతుందట. "కారణం కొంత, బయం కొంత అన్నయ్యా. ఏది ఎంతో నాకూ అంతు పట్టటం లేదు."

రామ్మోహన్ గారు ఫోన్ రెండో చెవికి మార్చుకున్నారు.

"సగం అమ్మీ. సగం ఉంచు."

"సగమే ఎందుకు?"

"తెలీదమ్మా."

అన్నయ్య నోట ఆ మాట వినడం ఇదే మొదలని ఆవిడ ఆనక వదిన వెంకటరత్నమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది. వెంకటరత్నమ్మ ఆ సంగతి భర్త వినేలా ఇంట్లో అందరికీ చెప్పింది.

మరో వారానికి షేరు ఇంకా పడింది. అమ్మిన సగానికి రామ్మోహన్ గారు సంతోషించారు. వానాకాలంలో లేచింది. ఉంచిన సగానికి సంతోషించి, తాయారమ్మ ఎదురైతే ఆగి మరీ చెప్పారు.

"బాగుంది," అంది ఆవిడ. "మరి అమ్మీసిన సగం మాటేటి?"