కల్లు తాగిన రబ్బరు పాలు

పెళ్లాం అన్న కాబట్టి బతికిపోయాడు గాని, లేకుంటే పోత్తన్‌ని ఇట్టూప్ ఏనాడో రబ్బరు తోటలో పాతేసి పైన మొక్క కూడా నాటేవాడు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో వినే దిక్కులేక ఆ జబ్బును చెల్లెలింటికి మోసుకొచ్చేవాడు.

మనవడి జ్ఞానస్నానం విందుకు కల్లు నింపుకోవడానికి పోత్తన్ ఇట్టూప్ ఇంటి నీలం పీపా పట్టుకెళ్లాడు. తిరిగి తెచ్చిన రోజు దాని అడుగున నాలుగు వేళ్ల కల్లు అలాగే ఉంది. అవతల, వానలు వెలిశాక మొదటిసారి గీసిన చెట్ల పాలు బకెట్లలో ఎదురుచూస్తున్నాయి. అవి అమ్మితేనే బావి మోటారు బాగవుతుంది. అంతదాకా ఇట్టూప్ పెళ్లాం ఏలిక్కుట్టి పక్కింటి నుంచి నీళ్లు మోస్తూ, మొగుణ్ణి తిడుతూ ఉంటుంది.

“కడిగి తెస్తే నీ సొమ్మేం పోయింది బావా?”

“ఎందుకు కడగడం? కల్లులో ఎంజైములుంటాయి. చక్కెరను విరగ్గొడితే అందులోని శక్తి బయటికొస్తుంది. అందుకే కుండ వెచ్చబడి బుసబుసమంటుంది. నీ రబ్బరు పాలు కొల్లాయిడు. కంటికానని రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలో తేలుతుంటాయి, అంతే.”

“అంటే పనిచేసేవాడొకడు, ఊరికే తేలేవాడొకడు. మన ఇంటి సంగతే.”

“ఎగతాళి మాని పోసెయ్. దాని శాఖ వేరు, దీని శాఖ వేరు.”

“మరి పాలు గడ్డకట్టకుండా కలిపే అమ్మోనియా?”

“పాలు కొనే ట్యాంకరు గంటలో వస్తుంది, అక్కర్లేదు. ఆ ఘాటు నేను పడలేను, అసలే జలుబు.”

ఏడో తరగతితో బడి మానేసిన ఇట్టూప్ చర్చి ఫాదర్‌ని నమ్మినట్టే బావనీ నమ్మాడు. ఇద్దరూ కనపడని వాటి గురించే కదా చెప్పేది. బకెట్లన్నీ పీపాలో కుమ్మరించాడు.

ట్యాంకరు భోజనాల వేళ దాటాక వచ్చింది. డ్రైవరు మూత తీసి కర్ర గుచ్చాడు. కర్ర నిలబడింది.

“అన్నా, దీనికి ట్యాంకరెందుకు, కత్తి తెచ్చుకో.”

పోత్తన్ వంగి, జలుబు ముక్కుతోనే వాసన చూశాడు. “కల్లు పులిసిపోయింది. ఆ పులుపుకి రేణువులు తోసుకోవడం మానేసి కౌగిలించుకున్నాయి.”

“శాఖలు వేరన్నావుగా?”

“నిజానికి ఎంజైము కూడా నీళ్లలో కొల్లాయిడు లాంటిదే. దూరపు చుట్టాలు.”

“చుట్టాలని పొద్దున్నే చెప్పుంటే పీపా నేనే కడుక్కునేవాణ్ణి.”

ముద్దను కోసి తుక్కు కింద అమ్మితే, తూచినవాడు ముక్కు మూసుకుని మరీ ధర తగ్గించాడు. ఏలిక్కుట్టి బిందె ఎత్తుకుని మళ్లీ పక్కింటికి వెళ్లింది. ఇట్టూప్‌కి పోయింది ఐదు వేల నూట నలభై రూపాయలు.