పేరు చదవని చీటీ

మందుల షాపుకొచ్చే వాళ్ళంతా ఆమెను మందులక్క అనేవారు. మందులక్కకు నోరెక్కువ, జాలి అంతకంటే ఎక్కువ. మహమ్మారి మొదలైన కొత్తలో ప్రతి చీటీ మీదా పేరూ వయసూ చదివి, "నాన్నగారికి ఎలా ఉంది బాబూ?" అని పలకరించేది. ఆ జవాబులు విని విని, ఒకరోజు మందుల అరల వెనక కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాటి నుంచి పేర్లు చదవడం మానేసింది. బొటనవేలితో పేరు మూసి, కింద మందు ఒక్కటే చూసేది. తల ఎత్తేది కాదు. ఏం చేస్తుంది పాపం, రోజూ వందమంది కోసం ఏడవాలంటే ఆమెకున్నవి రెండు కళ్ళే కదా!

ఆ మంగళవారం కౌంటరు ముందు జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఫ్రిజ్‌లో రోగం ముదిరిన వాళ్ళకిచ్చే ఇంజక్షన్లు రెండే. అవీ ముందురోజు పేరు రాయించుకున్న వాళ్ళవి. ఎవరిదో చేయి ఇంకో చీటీ అందించింది. అదే ఇంజక్షన్.

"లేదండీ. తర్వాతెవరు?"

ఆ చేయి చీటీ తీసుకుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు వదిన పోయింది. తల్లి లేని మందులక్కకు జడలు వేసి పెంచిన వదిన. వదినకు మామూలు జ్వరమేనని అన్నయ్య చెబితే మందులక్క నమ్మి ఊరుకుంది. పరుగున వెళ్ళేసరికి అన్నయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ముదిరిందని ఒక్కమాట చెప్పకూడదా అన్నయ్యా? ఎక్కడినుంచైనా తెచ్చేదాన్ని కదా!"

"నేనే వచ్చాను కదే, మంగళవారం. చీటీ నీ చేతికే ఇచ్చాను. లేదండీ అన్నావు. జనం ముందు అలాగే అనాలేమో అనుకున్నా."

ఆమె తన బొటనవేలి వంక చూసుకుంది.

"మరి... ఇంకో షాపుకి వెళ్ళలేదా?"

"ఎందుకెళ్తాను? వదినంటే నీకు ప్రాణం. నువ్వే లేదన్నావంటే ఊళ్ళో ఎక్కడా లేనట్టేగా!"

ముఖం చూడలేదని, పేరు చదవలేదని, ఫ్రిజ్‌లో రెండున్నాయని చెప్పేద్దామనుకుంది. చెబితే తన గుండె బరువు దిగుతుంది. దిగి అన్నయ్య నెత్తినెక్కుతుంది.

అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నిజంగానే లేదు కదమ్మా? ఇంకో నాలుగు షాపులు తిరిగుంటే దొరికేదంటావా?"

చాలా రోజుల తర్వాత మందులక్క తలెత్తి ఒక మనిషి ముఖంలోకి చూసింది.

"లేదన్నయ్యా. ఎక్కడా లేదు."

అన్నయ్య నమ్మాడు. నమ్మాక, అప్పుడు ఏడ్చాడు.