ఆడి పోయాక మేడ ఖాళీ

మేడ ఖాళీ చేయమని అద్దెకున్న సెంగమలంతో చెప్పింది నేనే. ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, ఎవరూ ఇల్లు మారరు కదా, అందుకే ఆడి మొదలయ్యే ముందు రోజు చెప్పాను. ఇంకో నెల కళ్ళ ముందు ఉంటుందని ఆశ. నా తెలివి తగలెయ్య!

మా శ్రవణ్‌కు ముప్పై దాటింది. సేదరపేట్‌లో ఉద్యోగం, ఆడి పోయి ఆవణి రాగానే పెళ్ళి. బయట కాపురం పెడదామంటే ఈ సారం ఏరియాలో అద్దెలు వింటేనే గుండె గుభేలుమంటుంది. కింద మాకున్నది ఒక గది, ఒక హాలు. గది వాళ్ళకిచ్చి నేను హాల్లో పడుకుంటానంటే పెళ్ళికూతురి వాళ్ళు మొహం మాడ్చుకున్నారు. ఇక మిగిలింది మేడే.

సెంగమలం మేడ మీద దిగినప్పుడు మా ఆయన ఉన్నారు, వాళ్ళాయనా ఉన్నాడు. కరెంటు పోతే రెండిళ్ళ చాపలూ డాబా మీదికే. శ్రవణ్, వాళ్ళ కూతురు కయల్విళి ఎవరి పక్కన కునుకు తీస్తే వాళ్ళ బిడ్డలే. ఆమె అరవంలో తిట్టేది, నేను తెలుగులో, పిల్లలకు రెండూ వచ్చేశాయి. ఎంత బాగుండేవి ఆ రోజులు, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు నిండిపోతుంది.

ఆడి నెలంతా తల్లీకూతుళ్ళు నటేశన్ నగర్ వీధివీధీ తిరిగారు. ఎక్కడా టులెట్ బోర్డు లేదు. ఏ మేడ అడిగినా మా అబ్బాయికే, మా అమ్మాయికే అన్నారట. కయల్విళి మాత్రం? ఉద్యోగం చేస్తున్నా తల్లి దగ్గరే ఉంది. సెంగమలం నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ వచ్చి ఏ ఇంట్లో ఏమన్నారో నాతోనే చెప్పుకునేది. అదే నన్ను చంపింది. చివరికి విల్లుపురంలో తమ్ముడి దగ్గరికి పోతామంది.

ఆడి ఆఖరి రోజు ఆమె గిన్నెలు మూట కడుతోంది. నేను చాప, దిండు చంకన పెట్టుకుని మెట్లెక్కాను. శ్రవణ్ వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"ఏందిమా ఇది? మనింట్లోనే నువ్వు అద్దెకున్నోళ్ళ కాడ పండుకుంటావా? నలుగురు ఏమనుకుంటారు?"

"కింద ఇల్లంతా నీదేరా, నీ పెండ్లాం నువ్వు సుఖంగా ఉండండి. సెంగమలం పోతే నాతో మాట్లాడేవాళ్ళు యాడ దొరుకుతారు?"

సెంగమలం మూట మీద చేతులు అలాగే పెట్టి నన్ను చూసింది. నాకు భయం వేసింది. పొమ్మన్న నోటితోనే చోటు అడుగుతున్నాను, వద్దంటే?

ఆమె లేచి తన చాపను గోడవైపు జరిపింది.

"ఫ్యాన్ కింద నువ్వు పండుకో అక్కా," అంది.